జీతం వచ్చే బరువుకే పరీక్షా?

ట్రక్కు డ్రైవరు ఉద్యోగానికి ఆడవాళ్ళు దరఖాస్తు పెట్టగానే యాజమాన్యాలకి వాళ్ళ భుజాల మీదా, నడుముల మీదా ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది. "మీ క్షేమం కోసమే ఈ బల పరీక్ష" అంటారు. నేనిప్పుడు ఆ పరీక్షకి తయారవుతున్నదాన్ని కాబట్టి ఆ క్షేమం సంగతి కాస్త వివరంగా మాట్లాడదలుచుకున్నాను.

మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్ళుగా అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో వుంటున్నాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పెద్ద ట్రక్కులు నడపడం నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. ఆ లైసెన్సుకి ప్రభుత్వం పెట్టే పరీక్షలు తక్కువేం కాదు. బండి చుట్టూ తిరిగి ఒక్కో భాగం చూపించాలి, ట్రైలరుని వెనక్కి నడపాలి, రోడ్డు మీద తోలి చూపించాలి. డాక్టరు కంటిచూపు, వినికిడి, బి.పి. అన్నీ చూస్తారు. అవన్నీ అయ్యాయి. ఇన్ని పౌన్లు ఎత్తి తీరాలి అనే అంకె మాత్రం ఆ కేంద్ర నిబంధనల్లో లేదు. అది కొన్ని కంపెనీలు సొంతంగా తగిలించుకున్నది.

ఉద్యోగం ఇస్తామని చెప్పి, చేర్చుకునే ముందు ఒక క్లినిక్కుకి పంపిస్తారు. కొన్నిచోట్ల పెట్టెలు నేల మీంచి ఎత్తి అరల్లో పెట్టమంటారు. కొన్నిచోట్ల కంప్యూటరు తగిలించిన యంత్రంలో కూర్చోబెట్టి మోకాళ్ళతో, భుజాలతో, నడుముతో తొయ్యమంటారు. ఎంత గట్టిగా తోసినా యంత్రం ఒకే వేగంతో కదులుతుంది. కండరం పెట్టిన బలాన్ని మాత్రం అంకెగా చూపిస్తుంది. ఎంత వస్తే పాసు అని నేను చేరబోయే కంపెనీని అడిగాను. చెప్పరట. ట్రక్కులో ఏ పనికి ఈ కొలత అనడిగాను. అదీ చెప్పలేదు. "జిమ్ముకి వెళ్ళండి" అంది ఫోనులో అమ్మాయి, మర్యాదగానే.

జిమ్ముకి డబ్బు తగలెయ్యకుండా ఇంట్లోనే తయారవుతున్నాను. ఇండియన్ షాపులో దొరికే ఇరవై పౌన్ల సోనా మసూరి బియ్యం సంచులు రెండు కలిపి కట్టి, మోకాళ్ళు వంచి నేల మీంచి వంటింటి గట్టు మీదికి ఎత్తుతాను. మెట్లు ఎక్కి దిగుతాను. తడి తువ్వాలు పిండుతాను, పిడికిలి పట్టు కోసం. రోజు విడిచి రోజు చేస్తే చాలు. పరీక్షకి రెండు రోజుల ముందు ఆపెయ్యాలి, అలిసిన కండరం అంకె తక్కువ చూపిస్తుంది. ఈ పని చేస్తుంటే నవ్వొస్తుంది. ఇటుక బట్టీల దగ్గర నెత్తిన ఇటుకలు మోసే ఆడవాళ్ళని, స్లాబు పోసేటప్పుడు కాంక్రీటు తట్టలందించే ఆడవాళ్ళని, మైళ్ళ దూరం నీళ్ళ బిందెలు మోసినవాళ్ళని చూస్తూ పెరిగాను. వాళ్ళ నడుముల క్షేమం కోసం ఒక్క మేస్త్రీ పరీక్ష పెట్టిన పాపాన పోలేదు. కూలి తక్కువైన చోట మన బలం మీద ఎవరికీ అనుమానం రాదు. జీతం కాస్త పెరిగిన చోటే వస్తుంది!

సరే, డ్రైవరు పనిలో బలం ఎక్కడ కావాలో చూద్దాం. ట్రైలరు ముందుకాళ్ళు దించడానికీ, ఎత్తడానికీ ఒక చేతిపిడి వుంటుంది. దానికి రెండు గేర్లు. నిదానపు గేరులో పెడితే చాలాసార్లు తిప్పాలి గానీ తేలిగ్గా తిరుగుతుంది. అన్నిటికంటే మొండిది ట్రైలరుని ట్రక్కు నుంచి విడదీసే పిడి. భారీ మగవాళ్ళు దాన్ని పట్టుకుని వేళ్ళాడటం నేను చూశాను. మాకు నేర్పిన అరవై దాటిన నల్లజాతి స్త్రీ కిటుకు చెప్పింది: ట్రక్కుని కాస్త వెనక్కి ఆనించి ఆ బిగువు వదిలిస్తే పిడి వచ్చేస్తుంది. పొడుగాటి కొక్కెం కొనుక్కుంటే లోపలికి వంగే పనీ వుండదు. గ్రీజు పెట్టని పిడి ఎవరు లాగినా రాదు. అప్పుడు పరీక్ష పెట్టాల్సింది ఆ బండికి, నాకు కాదు. పైకప్పు లేని ట్రైలర్ల మీద టార్పాలిన్లు కప్పడం నిజంగా బరువు పనే. ఆ పనికి ఆ బరువే ఎత్తించి చూడమనండి, అభ్యంతరం లేదు. నేను అడిగిన ఉద్యోగంలో సరుకుని డ్రైవరు ముట్టుకోనే ముట్టుకోరు.

ఇది ఆడవాళ్ళ గొణుగుడు అనుకునేవాళ్ళు అయోవా రాష్ట్రం ఫోర్ట్ మాడిసన్ లో డయల్ కార్పొరేషన్ వారి మాంసం ఫ్యాక్టరీ కేసు చదవాలి. అక్కడ కార్మికులు దాదాపు 35 పౌన్ల సాసేజీలు ఎత్తాలి. 2000 లో యాజమాన్యం ఒక బల పరీక్ష పెట్టింది. అంతకు ముందు మూడేళ్ళలో కొత్తగా చేరినవాళ్ళలో 46 శాతం స్త్రీలు. పరీక్ష వచ్చాక 15 శాతం. మగవాళ్ళు 97 శాతం పాసైతే ఆడవాళ్ళు 38 శాతం. గాయాలు తగ్గించడానికే అన్నారు. పరీక్ష రాకముందే, వేరే భద్రతా చర్యలతోనే గాయాలు తగ్గడం మొదలైందని కోర్టులో తేలింది. పనిలో నిమిషానికి సగటున 1.25 సార్లు, మధ్యలో విరామాలతో ఎత్తితే, పరీక్షలో ఆగకుండా నిమిషానికి ఆరుసార్లు ఎత్తించారు. అంటే పరీక్ష పనికంటే కష్టం! 2006 లో అప్పీలు కోర్టు యాజమాన్యానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. సరిగ్గా ట్రక్కుల విషయంలోనే, మిన్నెసోటాలో స్టాన్ కోచ్ అండ్ సన్స్ కంపెనీ మీద సమాన ఉపాధి అవకాశాల కమిషన్ 2019 లో కేసు వేసింది. ఆ కంపెనీ బల పరీక్ష స్త్రీలను వివక్షతో తోసేస్తోందని 2021 లో ఫెడరల్ కోర్టు చెప్పింది.

మన దేశంలో ఈ కొలత టేపు రూపంలో వచ్చింది. నల్గొండ జిల్లాకి చెందిన వి. సరిత 2015 లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరుగా చేరింది. ఆ తర్వాత చాలాకాలం ఆవిడ వెనక ఎక్కువమంది రాలేకపోయారు. చివరికి 2022 లో ఢిల్లీ ప్రభుత్వం స్త్రీలకు కావలసిన ఎత్తుని 153 సెంటీమీటర్లకు తగ్గించింది, అనుభవం నిబంధనని సడలించింది. సీటు ముందుకి జరిపితే సరిపోయేదానికి అన్నేళ్ళు టేపు పట్టుకు కూర్చున్నారన్నమాట.

అమెరికాలో ఈ హక్కుకి పునాది 1971 నాటి గ్రిగ్స్ తీర్పు. ఉద్దేశం చెడ్డది కాకపోయినా, పనికి సంబంధం లేని పరీక్ష ఒక వర్గాన్ని బయటకు నెట్టేస్తే అది చట్టవిరుద్ధమేనని సుప్రీం కోర్టు అప్పుడు చెప్పింది. నల్లజాతి కార్మికులు పోరాడి తెచ్చుకున్న ఆ తీర్పు నీడలోనే డయల్ ఫ్యాక్టరీ స్త్రీలు గెలిచారు. 2025 ఏప్రిల్ లో అధ్యక్షుడు ట్రంప్ ఇలాంటి కేసుల అమలును వెనక్కి నెట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ సెప్టెంబరులో కమిషన్ తన దగ్గరున్న ఇలాంటి ఫిర్యాదుల్ని మూసేయడానికి పూనుకుంది. చట్టం మాత్రం చట్టపుస్తకంలోనే వుంది. ప్రభుత్వం మన తరఫున రాకపోయినా మనం సొంతంగా కోర్టుకెళ్ళవచ్చు. అయితే ఒక ట్రక్కు డ్రైవరమ్మ ఏ డబ్బుతో వెళ్తుంది? యాజమాన్యాల ధైర్యం అదే.

అందుకే ఈ పరీక్షకి పోయే ప్రతి స్త్రీకీ చెబుతున్నాను, బియ్యం సంచులు ఎత్తడంతో పాటు కాయితాలూ దాచుకోండి. పాసు కావడానికి ఎంత రావాలి, అది ఉద్యోగంలో ఏ పనికి సంబంధించింది, ఇప్పటికే పని చేస్తున్న మగ డ్రైవర్లకి కూడా పెట్టారా, ఈ మూడు ప్రశ్నలూ పరీక్షకి ముందే రాతపూర్వకంగా అడగండి. తోసేస్తే ఫలితం నకలు అడగండి. ఫిర్యాదుకి గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. కమిషన్ పట్టించుకోకపోయినా ఆ ఫిర్యాదు నమోదు చేయాల్సిందే, అది లేకుండా కోర్టు గుమ్మం ఎక్కనివ్వరు. నా మూడు ప్రశ్నలూ రిజిస్టర్డు పోస్టులో పంపించాను.