లక్కపిడతలూ, ఫెరారీ కార్లూ

ఖరీదైన సరుకు చేసే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఓ ఆశ పుడుతుంది – ఇదే పేరుతో చవక రకం కూడా తీస్తే పదిమందీ కొంటారు గదా అని. ఆ వెనకే భయం – పదిమంది దగ్గరా ఉంటే ఇక దీని గొప్పేముంది అని.

ఇటలీ ఫెరారీ వారికి 1960 దశకం చివర ఈ చిక్కే వచ్చింది. పన్నెండు సిలిండర్ల కార్లకు పేరుపడ్డవారు ఆరు సిలిండర్ల చిన్న కారు తీశారు గాని, దానిమీద ఫెరారీ అని రాయలేదు. యజమాని గారి చనిపోయిన కొడుకు పేరిట ‘డీనో’ అన్నారు. జర్మనీ పోర్షే వారు అంత మొహమాటపడలేదు. 1976 నాటి వారి 924 కారు ఆడి ఫ్యాక్టరీలో తయారైంది. ఇదీ ఒక పోర్షేనా అని అభిమానులు మూతి విరిచారు. 1990ల మొదట్లో అదే కంపెనీ అమ్మకాలు పడిపోయి మునిగే స్థితికొస్తే, 1996లో తీసిన చవక కారు బాక్స్‌స్టర్ గట్టెక్కించింది. చవక అంటే మనకు కాదు లెండి, వాళ్ళకు!

ఈ కార్ల గోల ఎస్. రాయవరంలో ఎవరికి కావాలి అంటారేమో. మన మండలంలోనే, వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను మిషను మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క ఒత్తితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. రంగులు పసుపు, నీలి, జాఫ్రా గింజలవి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

పేరు పెరిగింది. మరి ధర? పెద్ద షోరూముల్లో అద్దాల వెనక పెట్టి ఉన్నవాళ్ళకే అమ్మాలని కొందరు పెద్దల సలహా. నాకది నచ్చదు. లక్కపిడతలు పుట్టింది పిల్లల చేతుల్లో ఆడడానికి. పక్క ఊరి పిల్ల కొనలేని లక్కపిడత ఏం లక్కపిడత? అలాగని ఏదో కర్రకు డబ్బా రంగు పూసి ఏటికొప్పాక అని అమ్మడమూ అన్యాయమే. ఫెరారీలో వద్దనడానికి అప్పట్లో ఒక యజమాని ఉండేవాడు. లాభమైనా నష్టమైనా ఆ ఒక్క జేబుకే. ఇక్కడ పేరు ఊరందరిది. ఒకడు నాసిరకం అమ్మితే, అసలు లక్క పట్టే పక్కింటి పనివాడి కూలి కూడా తెగ్గోసుకుపోతుంది.

కనుక చవక రకం రావాలి, సైజులో చిన్నదిగా. బొంగరం, కుంకుమభరిణ, తాళాల గుత్తికి తగిలించే పిట్ట – పెద్ద బొమ్మకు పనికిరాని ముక్కలతోనే ఇవి అవుతాయి. కర్ర అదే, లక్క అదే. అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతున్న రోజుల్లో ముక్క పారేయడం కూడా నష్టమే గదా! అంకుడు మొక్కలు నాటే పని మాత్రం పనివాళ్ళ నెత్తిన వేయకూడదు. అది ప్రభుత్వం చెయ్యాలి.

అన్నట్టు, మన వార్షికోత్సవాల్లో ఏటా ప్లాస్టిక్ షీల్డులు పంచుతున్నాం. వచ్చే ఏడు ఆ డబ్బుతో ఏటికొప్పాక భరిణలు కొంటే ఎన్ని వస్తాయో యూనియన్ కార్యదర్శి గారు ఒకసారి లెక్క వేయించాలి.