మునిగిన శిలలు, మరచిన సేద్యం: పల్నాటి విజ్ఞాన చరిత్ర వ్యవసాయ విద్యకు చెప్పే పాఠం

విజ్ఞాన చరిత్ర అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేవి విశ్వవిద్యాలయాల పేర్లు, శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాలు. విద్య ఎక్కడ భవనంగా నిలిచిందో అక్కడే విజ్ఞానం ఉన్నదనీ, భవనం లేని చోట అజ్ఞానం ఉన్నదనీ ఒక అభిప్రాయం తెలియకుండానే పాతుకుపోయింది. వ్యవసాయ శాస్త్రం విషయంలో ఈ అభిప్రాయం చేసే నష్టం ఇతర శాస్త్రాల కన్న ఎక్కువ. ఎందుకంటే సేద్యపు విజ్ఞానంలో అత్యధిక భాగం ఏ కాలంలోనూ గ్రంథాలకు ఎక్కలేదు. మాచర్ల పరిసరాలను, విశాలంగా పల్నాడును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తల, విద్యార్థుల దృష్టికి తేవడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ముంపులు

మాచర్లకు చేరువలోని నాగార్జునకొండ లోయలో క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసింది. సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారం నిర్మించారంటే ఆ విద్యాకేంద్రం ఖ్యాతి ఎంత దూరం పాకిందో ఊహించవచ్చు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికి ఆ లోయ మునిగిపోతుందని అందరికీ తెలుసు. అందుకే 1954 నుంచి 1960 వరకు ఆరేళ్లపాటు పురావస్తు శాఖ లోయను తవ్వి, కొలిచి, చిత్రించి, నమోదు చేసింది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టింది. ఒక నాగరికతను నీటికి అప్పగించే ముందు దాని జ్ఞాపకాన్ని భద్రపరచిన ఆ పని ప్రశంసనీయం.

1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఏర్పడింది. జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఆముదం పండిన నేలల్లో వరి, ఆపై పత్తి, మిరప విస్తరించాయి. ఇది పల్నాడు ఆకలిని తీర్చిన మార్పు. దానిని తక్కువ చేసి మాట్లాడేవారు చరిత్ర ఎరుగనివారు. కాని ఈ మార్పులో రెండవ ముంపు ఒకటి జరిగింది. శతాబ్దాల మెట్ట సేద్యపు అనుభవం కాలువ నీటి కింద మునిగింది. శిలలను నమోదు చేయడానికి ఆరేళ్లు వెచ్చించిన మనం, సేద్యాన్ని నమోదు చేయడానికి అటువంటి ప్రణాళికాబద్ధమైన ప్రయత్నం చేయలేదు. నా అభిప్రాయంలో ఆధునిక పల్నాటి విజ్ఞాన చరిత్రలో అతి పెద్ద లోటు ఇదే.

శాసనాలు చెప్పేవి, చెప్పనివి

ఈ లోటు ఆధునిక కాలంలో పుట్టినది కాదు. మధ్యయుగపు విద్యావ్యవస్థను పరిశీలించినా ఇదే ధోరణి కనిపిస్తుంది. 1261 నాటి మల్కాపురం శాసనం తెలుగుదేశపు విద్యా చరిత్రలో అమూల్యమైనది. కాకతి రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యులు మందడం ప్రాంతంలో నెలకొల్పిన మఠానికి అనుబంధంగా విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచినట్లు ఆ శాసనం చెబుతుంది. వేదాలు, తర్కం, సాహిత్యం, ఆగమాలు బోధించేవారికి భూములు కేటాయించారు. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి వంటి వృత్తులవారికి కూడా జీవనాధారం కల్పించారు. అయితే బోధించవలసిన విద్యల జాబితాలో సేద్యం లేదు. విద్యాలయాన్ని పోషించినది పొలమే. పొలం మాత్రం విద్య కాలేదు.

నీటిపారుదల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం కడప సీమలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును వర్ణిస్తూ, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొన్నది. జలశాస్త్రం తెలిసిన వ్యక్తి ఉండటం ఆ పన్నెండింటిలో ఒకటి. వేయిమంది పనివారు, వంద బండ్లు రెండేళ్లు శ్రమించినట్లు లెక్క కూడా ఇచ్చింది. కట్ట నుంచి నీరు ఊటగా కారడం, చౌడు నేల, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం దోషాలలో చేరాయి. చివరి దోషాన్ని నేటి కాలువ చివరి భూముల రైతుకు ప్రత్యేకించి వివరించనవసరం లేదు. దాదాపు 650 ఏళ్ల నాటి ఆ వాక్యం నేటికీ ఆయకట్టు ప్రణాళికకు ప్రమాణంగా నిలవగలదు. అది నిలవడానికి కారణం ఒక్కటే: దానిని రాతిపై రాశారు.

గణితంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉన్నది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. క్షేత్రగణితం అందులో ఒక భాగం. భూమిని కొలవవలసిన సమాజానికి తన భాషలో గణితం అందించడం నేటి పరిభాషలో చెప్పాలంటే విస్తరణ సేవయే. శాస్త్రం ప్రజల భాషలోకి రావడం ఆధునికుల ఆవిష్కరణ కాదని విద్యార్థులు గుర్తించాలి.

ఇక పల్నాటి సేద్యం గురించి మధ్యయుగపు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? శాసనాల కన్న శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో దొరకడం విశేషం. రాజాస్థానాల భోగాలు ఎరిగిన కవి పల్నాటి పల్లెలను చూసి పరిహసించాడు. ఇక్కడ ఎంతటివారైనా జొన్నకూడే తినాలట, అప్సరస అయినా ఏకులు వడకవలసిందేనట, రాజైనా దున్నవలసిందేనట. నాపరాళ్లు, నాగులేరు, సజ్జలు కూడా ఆ పరిహాసంలో చోటు చేసుకున్నాయి. సాహిత్య విద్యార్థి ఇందులో చమత్కారం చూస్తాడు. వ్యవసాయ విద్యార్థి చూడవలసినది వేరు. జొన్న, సజ్జ ఆహారపంటలుగా, పత్తి నూలుపంటగా ఉన్న మెట్ట సేద్య వ్యవస్థ ఆ పరిహాసంలో నమోదైంది. నవ్వుకోసం చెప్పిన మాటే మనకు పంటల సర్వేగా మిగిలింది.

వినుకొండ గొర్రు

నమోదు చేయడం, చేయకపోవడం మధ్య తేడాను తెలిపే ఉదాహరణ 18వ శతాబ్దం చివర కనిపిస్తుంది. 1795లో కెప్టెన్ థామస్ హాల్కాట్ అనే ఆంగ్ల సైనికాధికారి గుంటూరు సీమ పశ్చిమ భాగంలో, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండ ప్రాంతంలో, రైతులు గొర్రుతో విత్తడం చూసి లండన్‌లోని వ్యవసాయ మండలికి వివరంగా రాశాడు. సాలు విత్తే పనిముట్టు ఐరోపావారి కొత్త ఆవిష్కరణ అని తాను అంతవరకు భావించినట్లు చెప్పుకున్నాడు. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తన యంత్రం 18వ శతాబ్దం ఆరంభానిది. ఇక్కడి రైతు మాత్రం కర్ర జడ్డిగం, వెదురు గొట్టాలతో సాళ్ల మధ్య సమానమైన ఎడం పాటిస్తూ, పదును ఉన్న లోతుకు గింజను చేరుస్తున్నాడు.

ఆ లేఖ నుంచి గ్రహించవలసింది మన పూర్వికుల ఘనత మాత్రమే కాదు. ఆ గొర్రును మలచిన వడ్రంగి పేరు మనకు తెలియదు. జడ్డిగానికి ఎన్ని రంధ్రాలు, ఏ పంటకు ఎంత ఎడం, ఏ నేలకు ఎంత బరువు అనే లెక్కలు ఎవరూ తెలుగులో రాసిపెట్టలేదు. ఒక పరదేశి ఆశ్చర్యపడి రాసినందువల్లనే మన పనిముట్టుకు మన చరిత్రలో చోటు దక్కింది.

వలస పాలనలో వ్యవసాయ శాస్త్రం సంస్థారూపం దాల్చింది. 1876-78 మహాక్షామం తరువాత 1880 నాటి క్షామ సంఘం వ్యవసాయ శాఖల అవసరాన్ని నొక్కిచెప్పింది. 1889లో భారతదేశానికి వచ్చిన రసాయన శాస్త్రవేత్త వోల్కర్, ఇక్కడి రైతు సగటు ఆంగ్ల రైతుకు తీసిపోడని, లోపించినవి తెలివితేటలు కావని, నీరు, ఎరువు వంటి వసతులని 1893 నివేదికలో తేల్చిచెప్పాడు. సామర్లకోట (1902), నంద్యాల (1906) పరిశోధన క్షేత్రాలు, బాపట్ల కళాశాల (1945), వ్యవసాయ విశ్వవిద్యాలయం (1964) ఆ క్రమంలో వచ్చాయి. అయితే అదే పాలన అడవిని శాస్త్రం పేరుతో కంచె వేసి, పశువుల మేతకు పుల్లరి విధించింది. దానిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలి అయ్యాడు. పశువు, మేత, పెంట, పొలం అనే వలయం తెలిసిన రైతుకు అడవి సేద్యంలో భాగం. అధికారికి అది వేరే శాఖ. విజ్ఞానాన్ని శాఖలుగా విడదీయడంలోని ప్రమాదాన్ని పల్నాడు అంత తీవ్రంగా అనుభవించిన ప్రాంతాలు అరుదు.

పూజ కాదు, పరీక్ష

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పాత విజ్ఞానం అంత గొప్పదైతే 1832-33 నాటి గుంటూరు కరువులో లక్షలాది ప్రజలు ఎందుకు మరణించారు? ఈ ప్రశ్న న్యాయమైనది. సంప్రదాయ సేద్యం సాధారణ అనావృష్టిని తట్టుకునేందుకు రూపొందింది. ఘోరమైన కరువును, దానికి తోడైన శిస్తు భారాన్ని తట్టుకోలేకపోయింది. కాబట్టి నేను కోరేది పాత సేద్యాన్ని పూజించడం కాదు, పరీక్షించడం.

కార్తెల లెక్క ఇందుకు మంచి ఉదాహరణ. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో సుమారు 13, 14 రోజులు ఉంటాడు. ఆ కాలమే కార్తె. చాంద్రమాసాలు అధికమాసం వల్ల ముందువెనుకలవుతాయి గనుక, విత్తనపు అదను కోసం రైతు సౌరగణన మీద ఆధారపడటం శాస్త్రీయమైన ఎంపిక. అయితే ఈ గణన నిరయన పద్ధతిది. నిరయన సంవత్సరం ఋతు సంవత్సరం కన్న సుమారు 20 నిమిషాలు ఎక్కువ. అంటే దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు ఋతువుల నుంచి జరుగుతాయి. శ్రీనాథుని కాలం నుంచి నేటికి ఈ తేడా ఎనిమిది రోజులకు పైబడింది. మృగశిర, ఆరుద్ర కార్తెల గురించిన సామెత ఎప్పటిదో తెలియకుండా దాని అదనును నేటి క్యాలెండరుకు అన్వయించడం సరికాదు. అలాగని కొట్టివేయడమూ సరికాదు. మండలాల వర్షపాతపు లెక్కలతో సరిపోల్చి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పగలిగినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలే.

ఆధునిక శాస్త్రానికీ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు నిరోధకశక్తి పెంచుకొని పంటను తుడిచిపెట్టింది. అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. 2021లో మిరపను నల్ల తామరపురుగు ముట్టడించినప్పుడు పల్నాటి పొలాల్లో మళ్లీ అదే తొందర, మందు మీద మందు కొట్టడం కనిపించింది. కీటకం వేరు, మందులు వేరు, పాఠం ఒక్కటే. 1987 అనుభవాన్ని కీటకశాస్త్ర పుస్తకంలో ఒక పేరాగా కాక, ఈ ప్రాంతపు చరిత్రగా బోధించి ఉంటే విద్యార్థి దానిని రైతుకు మరింత నమ్మకంగా చెప్పగలిగేవాడు.

చేయదగిన పని

మాచర్ల, వెల్దుర్తి మండలాల్లో సాగర్ ఆనకట్ట కనుచూపు మేరలో ఉన్నా కాలువ ఎక్కని మెట్ట భూములు నేటికీ ఉన్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం అక్కడి రైతులు దశాబ్దాలుగా ఎదురుచూశారు. మరోవైపు, జలాశయం నిండని సంవత్సరాల్లో ఆయకట్టు రైతు కూడా మెట్ట రైతుగా మారవలసి వస్తున్నది. ఆరుతడి పంట వేయమని మనం సలహా ఇస్తున్నాం. కాని రెండు తరాలుగా వరి, మిరప తప్ప ఎరుగని కుటుంబానికి కంది–జొన్న సాళ్ల నిష్పత్తి, గుంటక తోలే అదను, విత్తనం దాచే పద్ధతి ఎవరు చెప్పాలి?

చెప్పగలిగినవారు ఇంకా కొందరు ఉన్నారు. 1967లో ఇరవై ఏళ్ల వయస్సులో గొర్రు పట్టినవారు నేడు ఎనభైకి చేరువలో ఉన్నారు. మరో పదేళ్ల తరువాత ఈ వ్యాసం రాసే అవసరం ఉండదు, అడిగేందుకు ఎవరూ మిగలరు గనుక. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద నెలల తరబడి పల్లెల్లోనే ఉంటారు. ప్రతి విద్యార్థి తాను బస చేసిన గ్రామంలో కాలువకు ముందటి పంటలు, విత్తనాలు, పనిముట్లు, అదనులు, ధాన్యం నిలువ చేసిన పాతరల వివరాలను ఒక నిర్ణీత పత్రంలో నమోదు చేయడాన్ని ఆ కార్యక్రమంలో తప్పనిసరి భాగం చేయాలి. విత్తనం ఏరి దాచినవారు ఎక్కువగా స్త్రీలే గనుక, ఇంటి యజమానిని అడిగి సరిపెట్టుకోరాదు. చెప్పినవారి పేరు, వారి అనుమతితో, పత్రంలో ఉండాలి. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం రైతు రకాలను గుర్తించింది. ఆ గుర్తింపుకు కూడా ఇటువంటి నమోదే ఆధారమవుతుంది. వడ్రంగి పేరు లేని గొర్రు చరిత్ర మళ్లీ జరగకూడదు.

నమోదైన వాటిలో పరీక్షకు నిలిచే అంశాలను పరిశోధన క్షేత్రాలు ప్రయోగంగా చేపట్టాలి. నిలవనివాటిని నిలవలేదని ప్రకటించాలి. విస్తరణ విద్యలో ప్రాంతీయ సేద్య చరిత్రకు ఒక చిన్న పాఠ్యాంశం కేటాయిస్తే చాలు, దీనికి కొత్త శాఖ అవసరం లేదు. ఇందుకు కావలసిన ఖర్చు స్వల్పం. కావలసిన కాలం మాత్రం మన చేతిలో ఎక్కువ లేదు. సాగర్ నీరు రాకముందు పురావస్తు శాఖకు ఆరేళ్ల వ్యవధి దొరికింది. వ్యవసాయ శాస్త్రవేత్తలకు మిగిలిన వ్యవధి కూడా ఇంచుమించు అంతే.