మంచి రాజు తెచ్చిన యుద్ధం

మొన్న పండక్కి వచ్చిన మా అక్క కొడుకు భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేశాడు. "మామయ్యా, నువ్వు నల్లవాళ్ళ పక్షమా, పచ్చవాళ్ళ పక్షమా?" వాడు అడుగుతున్నది మన రాజకీయ పక్షాల గురించి కాదని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ కల్పించిన వెస్టెరోస్ రాజ్యంలో, సింహాసనం కోసం అక్కాతమ్ముళ్ళ మధ్య జరిగిన అంతర్యుద్ధం గురించి వాడి ప్రశ్న. తండ్రి ఎంపిక చేసిన కూతురు రెనీరాను బలపరచినవారు నల్లవారు. సవతి తల్లి కొడుకు ఏగాన్‌ను బలపరచినవారు పచ్చవారు. 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' ధారావాహిక రెండవ భాగం కోసం 2024 మార్చిలో రెండు వేరువేరు ప్రచారచిత్రాలు విడుదల చేశారు, పక్షానికొకటి చొప్పున. ప్రేక్షకుడు ఏదో ఒక వైపు నిలబడక తప్పదని వాటి సారాంశం.

నేను ఏ వైపూ నిలబడనని చెప్పాను. వాడు దాన్ని పెద్దవాళ్ళ గోడమీది పిల్లివాటంగా తీసుకున్నాడు. అది నిజం కాదని నిరూపించుకోవడానికే ఈ టపా. ఈ కథలో నాకు స్పష్టమైన శత్రువు ఒకడున్నాడు. అతడు రెనీరా కాదు, ఏగాన్ కాదు, అందరూ తిట్టిపోసే తాత ఒట్టో హైటవర్ కూడా కాదు. అందరూ జాలిపడే మంచి రాజు విసేరిస్.

నేరారోపణ చేసేముందు సాక్ష్యం చూపించాలి గనుక, ఈ కథ తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళతాను. 2018లో వచ్చిన 'ఫైర్ అండ్ బ్లడ్' నవలలా కాక, ఆ కల్పిత లోకంలోని ఒక పండితుడు రాసిన చరిత్రలా సాగుతుంది. ఆ లెక్క ప్రకారం, వృద్ధరాజు జెహేరిస్‌కు వారసులైన కొడుకులు తనకంటే ముందే చనిపోయారు. వారసుడెవరో తేల్చడానికి 101వ సంవత్సరంలో హారెన్‌హాల్ కోటలో మహాసభ జరిగింది. పెద్దకొడుకు కూతురు రేనిస్ ఉంది, ఆమెకు లేనోర్ అనే కొడుకు ఉన్నాడు. రెండో కొడుకు కొడుకు విసేరిస్ ఉన్నాడు. సభ విసేరిస్‌ను ఎంచుకున్నది. ఆడపిల్లకు సింహాసనం రాదు, ఆడపిల్ల ద్వారా ఆమె కొడుక్కూ రాదు అన్నదే ఆ తీర్పునుంచి దేశమంతా గ్రహించిన నీతి.

అంటే విసేరిస్ కూర్చున్న ఆసనం కింద ఉన్న ఒకే ఒక్క రాయి ఆ నీతి. 105లో భార్య ఏమా ప్రసవంలో చనిపోయింది, పుట్టిన మగబిడ్డ ఒక్కరోజే బతికాడు. తమ్ముడు డేమన్ ఆ పసివాణ్ణి వెక్కిరించాడన్న వార్త చెవిన పడి, కోపంతో రాజు తన కూతురు రెనీరాను వారసురాలిగా ప్రకటించాడు. వందలమంది ప్రభువులను పిలిపించి, ఆమెముందు మోకరిల్లజేసి ప్రమాణాలు చేయించాడు. ఆడవారి హక్కుల మీద గౌరవంతో తీసుకున్న నిర్ణయం అని దీన్ని పొగడేవారున్నారు. నాకు మాత్రం అందులో ఆడపిల్ల మీద నమ్మకంకంటే తమ్ముడి మీద కసి ఎక్కువ కనిపిస్తుంది. ధారావాహికలో ఇదే రాజు, మగబిడ్డ దక్కుతాడేమోనన్న ఆశతో, భార్యకు మాట మాత్రమైనా చెప్పకుండా ఆమె కడుపు కోయిస్తాడు. ఆ దృశ్యం చూసిన తరువాత కూడా అతణ్ణి మంచివాడనే మన మెతకదనం నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

సరే, కారణం ఏదైనా నిర్ణయం గొప్పదే అనుకుందాం. ఆ నిర్ణయం నిలబడడానికి అతడేం చేశాడు? మరుసటి ఏడే అలిసెంట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 107లో ఏగాన్ పుట్టాడు. ఆ తరువాత ఒక కూతురు, మరో ఇద్దరు కొడుకులు. మగపిల్లలు పుట్టాక కూడా కూతురే వారసురాలన్నాడు. మంచిదే. కానీ 101 నాటి తీర్పు ఇక చెల్లదని శాసనం చేశాడా? లేదు. చేస్తే తన సొంత పట్టాభిషేకాన్ని ప్రశ్నించుకోవలసి వస్తుంది. మరొక మహాసభను పిలిచి, తాను బతికుండగానే చర్చకు పెట్టి తేల్చాడా? అదీ లేదు. తనకు రాజ్యం ఇచ్చిన సూత్రమూ ఉండాలి, దానికి పూర్తిగా విరుద్ధమైన తన కోరికా నెగ్గాలి. రెండూ ఒకే ఇంట్లో పాతికేళ్ళు కాపురం చేస్తాయనుకున్నాడు.

మరొక అవకాశం అతని కళ్ళముందే ఉండేది. రాజు తరువాత రాజంతటివాడైన ప్రధానమంత్రిని అక్కడ రాజహస్తం అంటారు. వృద్ధరాజు జెహేరిస్ తన వారసుడైన కొడుకు బేలన్‌ను ఆ పదవిలోనే కూర్చోబెట్టాడు. వారసుణ్ణి ప్రజలకు అలవాటు చేయడమంటే అది. ఆ బేలన్ విసేరిస్‌కు స్వయానా తండ్రి. 120లో రాజహస్తం చనిపోయి ఆ పదవి ఖాళీ అయినప్పుడు విసేరిస్ కూతుర్ని పిలవలేదు. పదకొండేళ్ళ క్రితం తానే తొలగించిన ఒట్టో హైటవర్‌ను, అంటే ఏగాన్‌కు తల్లివైపు తాతను, మళ్ళీ పిలిపించాడు. కూతురు డ్రాగన్‌స్టోన్ ద్వీపంలో, ఆమె పోటీదారుడి తాత రాజధానిలో ఖజానాకూ సైన్యానికీ పక్కన. అతడు చనిపోయిన రాత్రి కోట తాళాలు ఎవరి చేతిలో ఉంటాయో తెలుసుకోవడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు.

పైగా ఆ మంచి రాజు చర్చను భరించలేడు. రెనీరా పెద్దకొడుకుల పుట్టుక గురించి గుసగుసలు వచ్చినప్పుడు, ఆ మాటెత్తినవారి నాలుక కోయిస్తానన్నాడు. అన్నంత పనీ చేశాడు. వెలేరియన్ వంశంవారు ఐదుగురు న్యాయం అడగడానికి వస్తే నాలుకలు పోగొట్టుకుని తిరిగివెళ్ళారు. దీన్ని శాంతికాముకత్వం అంటున్నాం మనం. ఇంట్లో కంపు కొడుతూంటే ముక్కులు మూయించేవాడు శుభ్రతను ప్రేమించేవాడు కాడు.

129లో రాజు కన్నుమూశాడు. మరణవార్తను దాచిపెట్టారు. ప్రమాణం గుర్తుచేసిన ఒకే ఒక్క మంత్రి, ముసలి కోశాధికారి బీస్‌బరీ, ఆ గదిలోంచి ప్రాణాలతో బయటికి రాలేదు. క్రిస్టన్ కోల్ ఏగాన్ తలమీద కిరీటం పెట్టాడు. ఆ తరువాతి కథ ఒక లెక్కల పుస్తకం. రెనీరా కొడుకు ల్యూసెరిస్ తుఫానులో చనిపోతాడు, దానికి బదులుగా ఏగాన్ ఆరేళ్ళ కొడుకు తల తెగుతుంది. ఏమండ్ తన డ్రాగన్‌తో నదీసీమ పల్లెలను కాలుస్తాడు. ఏ రాణినీ ఏ రాజునూ కోరుకోని టంబుల్‌టన్ పట్టణం, ఇద్దరు డ్రాగన్ రౌతులు పక్షం మార్చినందుకు బూడిదవుతుంది. రెనీరా రాజధానిని గెలిచి, ఖాళీ ఖజానాను నింపడానికి పన్నులు వేస్తే, జనం తిరగబడి ఐదు డ్రాగన్లను చంపుతారు. చివరకు ఆమెను తమ్ముడు తన డ్రాగన్‌కు ఆహారంగా వేస్తాడు. ఆ తమ్ముణ్ణి మరుసటి ఏడు సొంతవాళ్ళే విషం పెట్టి చంపుతారు. యుద్ధం మొదట్లో ఇరవై దాకా ఉన్న డ్రాగన్లలో నాలుగు మిగులుతాయి.

ఇక నా రెండో అభియోగం ధారావాహిక మీద. పుస్తకంలో ఈ నేరాలన్నీ అధికారం కోసం తెలిసి చేసినవి. తెరమీద అవి పొరపాట్లుగా మారాయి. చనిపోతూ రాజు పూర్వీకుడు ఏగాన్ కలను గొణిగితే, అలిసెంట్ దాన్ని తన కొడుకు పేరుగా అపార్థం చేసుకుంటుంది. ఏమండ్ ల్యూసెరిస్‌ను బెదిరించాలనే అనుకుంటాడు, డ్రాగన్ మాట వినదు. నటన గొప్పగా ఉంది, ముఖ్యంగా విసేరిస్‌గా ప్యాడీ కాన్సిడైన్ నటన. కాదనను. కానీ ఈ మార్పుల ఫలితం ఏమిటి? ఒక మాట సరిగ్గా వినబడి ఉంటే ఈ జనమంతా బతికిపోయేవారన్న భ్రమ. ఎవరికీ పాపం అంటదు. రాజరికపు వారసత్వమనే ఏర్పాటును ఎవరూ వేలెత్తి చూపనక్కరలేదు. మరణశయ్య మీది గొణుగుడు మీద రాజ్యం ఆధారపడవలసి వచ్చిందంటే, ఆ మనిషి అంతకుముందు ఇరవయ్యేళ్ళు నోరు మూసుకున్నాడని అర్థం.

ఇదంతా కల్పన, ఇంత ఆవేశం ఎందుకంటారేమో. కల్పనకు మూలం ఇంగ్లండు చరిత్రలో ఉంది. మొదటి హెన్రీ ఒక్కగానొక్క సక్రమ కుమారుడు 1120లో ఓడ మునిగి చనిపోయాడు. 1127లో హెన్రీ తన కూతురు మెటిల్డాను వారసురాలిగా అంగీకరిస్తామని ప్రభువులచేత ప్రమాణం చేయించాడు. ఆ మరుసటి ఏడు ఆమెను ఆంజూ ప్రభువు జెఫ్రీకి ఇచ్చి పెళ్ళిచేశాడు. కూతురూ అల్లుడూ కోటలు అప్పగించమంటే మాత్రం ఇవ్వలేదు. 1135లో అతడు చనిపోయేనాటికి వాళ్ళకూ అతనికీ తగవు నడుస్తూనే ఉంది. ప్రమాణం చేసినవారిలో ఒకడైన మేనల్లుడు స్టీఫెన్ మూడు వారాలు తిరక్కుండా కిరీటం పెట్టుకున్నాడు. 1153లో ఒప్పందం కుదిరేదాకా దేశం నలిగింది. చివరికి మెటిల్డా కొడుకు రాజయ్యాడు గానీ, ఆమె మాత్రం ఏనాడూ పట్టాభిషిక్త కాలేదు. ప్రమాణం ఇచ్చి, కోట ఇవ్వని తండ్రి కథ ఇది.

తెలుగువాళ్ళం గనుక, ఇక్కడ కాకతీయ గణపతిదేవుడు గుర్తుకు రాకుండా ఉండడు. ఆయన తాను బతికుండగానే రుద్రమదేవిని పాలనలో భాగస్వామిని చేశాడు. ఆమె రుద్రదేవ మహారాజుగా శాసనాలకెక్కింది. మగపేరు పెట్టుకోవలసి రావడం ఆ కాలపు జబ్బును చెబుతుంది, ఒప్పుకుంటాను. సామంతులు తిరగబడలేదనీ అనను. కానీ ఆ తండ్రి కూతురికి మాట ఇచ్చి ఊరుకోలేదు, పని ఇచ్చాడు.

విసేరిస్ బలహీనుడే తప్ప దుర్మార్గుడు కాడని మీరనవచ్చు. పేదవాడి బలహీనత అతని ఇంటినే ముంచుతుంది. రాజు బలహీనతకు మూల్యం చెల్లించేది టంబుల్‌టన్. ప్రమాణం తప్పిన ప్రభువులది తప్పు కాదా అనవచ్చు. తప్పే. అయితే వాళ్ళు తప్పుతారని అందరికంటే ఎక్కువగా తెలిసినవాడు, ఆడపిల్ల హక్కును తోసేసిన సభవల్లనే రాజైన విసేరిస్. ఆడదాన్ని ఏలనివ్వని సమాజమే అసలు దోషి అనవచ్చు. ఆ సమాజం తనకు పెట్టిన విందు ఆరగించి, కూతుర్ని దాని నోటికి వదిలినవాణ్ణి ఏమనాలి?

ఇంత కటువుగా రాయడానికి నా సొంత కారణం కూడా ఒకటుంది, దాచుకోను. మా తాతగారు చాలా మంచివారు. ఊళ్ళో ఎవరినడిగినా అదే చెబుతారు. "ఈ ఇల్లు అమ్మాయిది" అని నలుగురు పెద్దల ముందు చాలాసార్లు అన్నారు, నేను చెవులారా విన్నాను. అదే ఇంట్లో మామయ్యలతో ఏమన్నారో నేను వినలేదు. వీలునామా రాయమని అమ్మ ఒకసారి అడిగితే, "నేను పోవాలని చూస్తున్నావా" అని ఆ పూట అన్నం మానేశారు. ఇంకెవరూ ఆ ప్రస్తావన తేలేదు. రిజిస్ట్రారు ఆఫీసు మా వీధి చివరనే ఉండేది. ఆయన పోయిన పన్నెండో రోజు భోజనాలు ముగిశాక మొదలైన మాటలు కోర్టుదాకా వెళ్ళాయి. అమ్మ తన తమ్ముళ్ళతో మాట్లాడి పంతొమ్మిదేళ్ళయింది. తమ్ముళ్ళు దుర్మార్గులని అమ్మ అంటుంది. అక్కది అత్యాశ అని వాళ్ళంటారు. తాతగారిని మాత్రం ఇద్దరూ దేవుడంటారు. ఇంటికి తాళం వేసి ఉంది, పెంకులు జారిపోతున్నాయి.

అందుకే నల్లా పచ్చా అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ప్రశ్న మనల్ని పిల్లల తగవులోకి దించి, తగవు పెట్టినవాణ్ణి గోడమీద పటంలో పూలదండతో భద్రంగా ఉంచుతుంది. వెస్టెరోస్‌లో చివరకు సింహాసనమెక్కింది మూడవ ఏగాన్, తల్లి రెనీరాను డ్రాగన్ తినడం కళ్ళారా చూసిన కుర్రవాడు. అతనికి పెళ్ళిచేసింది రెండవ ఏగాన్ కూతురు జెహేరాతో. ఇద్దరూ పసివాళ్ళే. రెండు పక్షాల న్యాయమూ కలిసి మిగిల్చింది ఆ జంటను.

విసేరిస్‌ను సమర్థించేవారు ఈ టపా చదువరుల్లో తప్పక ఉంటారు. వ్యాఖ్యల్లో నిరభ్యంతరంగా దులపండి, జవాబిస్తాను. ఒక్క మనవి. మీ వాదనలో "పాపం, మంచివాడు" అన్న మాట లేకుండా చూడండి. ఆ మాట మా ఇంట్లో చాలాసార్లు విన్నాను.