ఎఫ్‌టీడీ నిజంగా అంత అరుదా?

డిమెన్షియా అనగానే మనకు మతిమరుపే గుర్తొస్తుంది. మనవడిని పోల్చుకోలేని తాతగారు, తాళం చెవుల కోసం ఇల్లంతా వెతికే అమ్మమ్మ మనసులో మెదులుతారు. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, పొట్టిగా ఎఫ్‌టీడీ, అలాంటిది కాదు. ఇందులో మెదడు ముందు భాగం, కణతల వైపు భాగాలు క్షీణిస్తాయి. జ్ఞాపకశక్తి తొలి దశలో చాలావరకు బాగానే ఉంటుంది. ముందుగా మారేది ప్రవర్తన, లేదా మాట. నిన్నటిదాకా నెమ్మదస్తుడైన యాభై ఏళ్ల మనిషి నలుగురిలో మర్యాద తప్పుతాడు, భార్యకు జ్వరమొచ్చినా పట్టించుకోడు, మిఠాయిల మీద ఎగబడతాడు, డబ్బు ఎడాపెడా ఖర్చు పెడతాడు. ఇంట్లోవాళ్లు 'బుద్ధి మారింది' అనుకుంటారు గానీ జబ్బనుకోరు. డాక్టరు దగ్గరకు వెళ్లినా చాలాసార్లు మొదట డిప్రెషన్ అనో, బైపోలార్ అనో పేరు పడుతుంది.

ఇది ఎంతమందికి ఉంటుందంటే, 'అరుదు' అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట వెనుక ఉన్న లెక్క ఏమిటో చూద్దాం. తరచూ ఉదహరించే అధ్యయనం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ ప్రాంతానిది, 2002లో అచ్చయింది. దాని మొదటి రచయిత్రి డాక్టర్ ఇ. రత్నవల్లి, తర్వాత బెంగళూరులో న్యూరాలజిస్టుగా పనిచేశారు. 45–64 ఏళ్లవారిలో లక్షకు 15 మందికి ఎఫ్‌టీడీ ఉందని ఆ బృందం తేల్చింది. అదే వయసులో అల్జీమర్స్ కూడా లక్షకు 15 మందికే కనిపించింది! అంటే నడివయసులో ఈ రెండూ సమఉజ్జీలు. అయితే ఆ అధ్యయనంలో దొరికిన ఎఫ్‌టీడీ రోగులు మొత్తం 17 మందే. అందుకే అసలు రేటు లక్షకు 8 నుంచి 27 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని వారే రాశారు. మన దేశంలో ఆ వయసువారు 25 కోట్లని తక్కువగానే వేసుకున్నా, రోగులు 20 వేల నుంచి 67 వేల దాకా ఉండవచ్చు. మరీ ఇంత తేడా ఉన్న అంకెతో ఏ ప్రణాళికైనా ఎలా వేస్తాం?

ఇక మన లెక్కలు. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 347 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. అందులో దాదాపు 19 శాతం మందిది ఎఫ్‌టీడీ. దీన్ని జనాభాకు అన్వయించడం మాత్రం పొరపాటు. చిన్న వయసు రోగులు, అంతుపట్టని కేసులు పెద్దాసుపత్రికే చేరతాయి కదా. కానీ చూసే కళ్లుంటే ఈ జబ్బు మన దగ్గరా కనిపిస్తుందని ఆ అంకె చెబుతోంది.

దేశవ్యాప్త సర్వే అయిన లాసీ–డాడ్ ప్రకారం 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. విలువైన పని, సందేహం లేదు. కానీ ఎఫ్‌టీడీ ఎక్కువగా మొదలయ్యేది 45–65 మధ్య. 60 దగ్గర గీత గీస్తే అసలు వయసువాళ్లే లెక్కకు బయట ఉండిపోతారు. పోనీ వయసు తగ్గిస్తే సరిపోతుందా? 45 దాటినవారిపై జరిగిన అసలు లాసీ సర్వేలో సుమారు 72 వేల మంది ఉన్నారు. కేంబ్రిడ్జ్ రేటు ప్రకారం అంతమందిలోనూ దొరికేది పది పదకొండు మందే. ఇంటింటి సర్వేతో ఈ పని కాదు.

నా ఉద్దేశంలో చేయవలసింది వేరు. ఒకటి రెండు జిల్లాలు ఎంచుకుని, అక్కడి న్యూరాలజిస్టులతో పాటు మానసిక వైద్యులందరూ అనుమానిత కేసులను ఒకే రిజిస్టరులో నమోదు చేయాలి. మానసిక వైద్యులను వదిలేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇది కేవలం అంకెల ముచ్చట కాదు. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ లాంటి మందులు ఎఫ్‌టీడీలో పనిచేయవు, కొందరిలో చికాకును పెంచుతాయి. పైగా రోగి చాలాసార్లు ఇంటికి సంపాదించి పెట్టే మనిషి. జబ్బు పేరు తెలిసేలోపే ఉద్యోగం పోవచ్చు, అప్పులు పేరుకుపోవచ్చు.

20 లక్షల జనాభా ఉన్న జిల్లాలో 45–64 ఏళ్లవారు సుమారు 4 లక్షల మంది ఉంటారు. కేంబ్రిడ్జ్ రేటే ఇక్కడా వర్తిస్తే వారిలో రోగులు 60 మంది. ఆ అరవై మంది ఇప్పుడు ఏ ఓపీ చీటీల్లో, ఏ జబ్బు పేరుతో ఉన్నారో వెతకడంతో పని మొదలుపెట్టవచ్చు.