మందు అట్టకు రెండు పేర్లు



ఈ నెల మేము చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకొని మొదలుపెడుతున్నాము.

మొన్నటి వానకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత సెంటినరీ కాలనీలో మాకు బాగా తెలిసిన ఒక పెద్దమ్మ మా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త గని పనినుండి రిటైరైనవాడు. ఆమెకు ఎన్నో ఏళ్లుగా షుగరు ఉంది. కొంగుముడి విప్పి రెండు మందు అట్టలు మా చేతిలో పెట్టింది.

"అమ్మగారు, ఇవి దవఖానల ఇచ్చిన గోలీలు. ఇవేమో కరీంనగర్ల మా కొడుకు కొనిచ్చిండు. రెండు ఒక్కటేనా, ఏరేరా? జర సూసి చెప్పుండ్రి" అని అడిగింది.

మేము అట్టలను అటు ఇటు త్రిప్పి చూశాము. పేర్లు వేరు, రంగులు వేరు, కంపెనీలు వేరు. "వేరువేరు మందులమ్మా, రెండూ వేసుకో" అని చెప్పి పంపించాము.

మూడవ రోజు ప్రొద్దున ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. తెలివి ఉండగానే కోడలు చక్కెర నీళ్లు త్రాగించి ఆసుపత్రికి తీసుకొనిపోయింది. డాక్టరుగారు రెండు అట్టలను ప్రక్కప్రక్కన పెట్టి చూపించారు. రెండింటిలోనూ ఉన్నది గ్లిమిపిరైడ్ అనే ఒకే మందు. ఆమె మూడు రోజులు రెండింతల మోతాదు మింగింది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఇంకొంత ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆమె మంచం ప్రక్కన మేము తల వంచుకొని నిలబడ్డాము. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. "మీరు సదువుకున్నోళ్లు గదా అని అడిగిన" అన్నది, అంతే. ఆ మాట మమ్మును నిద్రపోనివ్వలేదు. చదువు వచ్చిన మేము అట్టమీద రంగుల పేరును చదివాము గాని, లోపల ఉన్న మందు పేరును చదవలేదు.

ఆ తరువాతనే ప్రతి ఆదివారము ఆరాధన అయ్యాక ఒక గంట పాఠం మొదలుపెట్టాము. వచ్చినవారిలో ఎక్కువమంది నాలుగో ఐదో చదివి మానేసిన అమ్మలు, కొందరు రిటైరైన కార్మికులు. "ఈ వయసుల ఇంగ్లీషు మాకేడికెళ్లి అస్తది?" అని మొదట నవ్వారు. మేము అడిగాము: "షిఫ్టు, మస్టరు, డంపరు, ఓవర్‌మన్, ఓపెన్‌కాస్టు — ఇవి ఏ భాష?" అందరూ మళ్లీ నవ్వారు. బొగ్గుగనుల ప్రాంతంలో ఇంగ్లీషు నోట ఆడుతూనే ఉంటుంది, కంటికే అలవాటు లేదు. "సెంటినరీ అంటే ఏమిటి?" అని అడిగితే ఎవ్వరూ చెప్పలేదు. నూరేళ్ల పండుగ అని చెప్పాము. ఇల్లందులో 1889లో మొదలైన సింగరేణి తవ్వకాలకు 1989లో నూరేళ్లు నిండాయి. రోజూ పలికే తమ కాలనీ పేరుకు అర్థం తెలిసేసరికి వారి ముఖాలు వెలిగాయి. అక్కడినుండి పాఠం నడిచింది.

అక్షరమాల మొత్తం నేర్పించే పని పెట్టుకోలేదు. ఎవరి మందు అట్టలు వారినే తెమ్మన్నాము. అవే మా పలకలు, అవే మా పుస్తకాలు. మీ ఇంట్లో కూడ పనికివస్తుందని ఆ పాఠాలను ఇక్కడ చెప్పుచున్నాము.

మొదటిది, పేరు. ప్రతి అట్టకు సాధారణంగా రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకొన్న పేరు, రెండవది మందు అసలు పేరు. ఒకే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతాయి. ఒకే మందు ఉన్న అట్టలమీద అసలు పేరు కంపెనీ పేరుకంటె పెద్దగా ఉండాలని 2018లో నియమం వచ్చింది. అయినా మన కన్ను రంగు పేరుమీదికే పోతుంది. కాబట్టి ఒక గుర్తు నేర్పించాము. చాలా అట్టలమీద "టాబ్లెట్స్" అనే మాట ప్రక్కన "ఐ.పి." అనే రెండు అక్షరాలు ఉంటాయి. వాటికి ముందున్నదే అసలు పేరు. రెండు అట్టలమీద ఆ పేరు ఒకటే అయితే డాక్టరును అడగనిదే రెండూ వేసుకోరాదు. జ్వరం బిళ్లలకూ ఇదే మాట. జలుబు మందులు చాలా వాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. దానిమీద మళ్లీ జ్వరం బిళ్ల వేసుకొంటే మోతాదు మించి కాలేయానికి కీడు.

రెండవది, సంఖ్య. పేరు ప్రక్కన 500 అనో 650 అనో ఉండి, "ఎం.జి." అని ఉంటుంది. అది మందు బలము. గ్లిమిపిరైడ్‌లో 1 వేరు, 2 వేరు. పేరు కుదిరినా సంఖ్య కుదరకపోతే అది మన మందు కాదు.

మూడవది, గడువు. "ఇ, ఎక్స్, పి" అనే మూడు అక్షరాల ప్రక్కన నెల, సంవత్సరం ఉంటాయి. ఆ నెల ఆఖరి రోజు వరకు వాడవచ్చును. దుకాణంలో నాలుగు బిళ్లలు కావాలంటే అట్టను కత్తిరించి ఇస్తారు, తేదీ ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. "గడువు కనబడేటట్టు కత్తిరించు బిడ్డా" అని అడగడం ఇప్పుడు మన అమ్మలకు అలవాటైంది.

నాలుగవది, ఎర్రగీత. అట్టమీద నిలువుగా ఎర్రని గీత ఉంటే డాక్టరు చీటి లేకుండ వాడకూడని మందు. యాంటీబయాటిక్స్ విషయంలో ఈ గీతను గుర్తించుమని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం చేసింది. పొరుగింటివారికి తగ్గిందని మనము అదే కొని మింగరాదు.

అయిదవది, చీటి. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. రెండుసార్లు, టి.డి.ఎస్. మూడుసార్లు, హెచ్.ఎస్. పడుకొనే ముందు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. ఈ చివరిది చెప్పినప్పుడు వెనుక కూర్చున్న ఒక పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. నడుము నొప్పికి అవసరమైతే వేసుకొమ్మన్న బిళ్లను ఆయన నెలల తరబడి మూడు పూటలా మింగుచున్నాడు! మరునాడే డాక్టరు దగ్గరకు పంపించాము.

దుకాణంలో ఎలా మాట్లాడాలో కూడ ఒకరు దుకాణదారుగా, ఒకరు కొనేవారుగా కూర్చొని నేర్చుకొన్నాము. "ఇది దేనికి? ఎప్పుడు, ఎంత? తిన్నాకనా, తినక ముందా? ఎన్ని రోజులు? నేను వాడే మందులతో పడుతదా?" ఈ అయిదు ప్రశ్నలను తెలుగులోనే అడగవచ్చును. మందులు ఇచ్చేచోట ఫార్మసిస్టు ఉండవలసినది అందుకే. అడగడం సిగ్గు కాదు. బిల్లు కూడ తప్పక తీసుకోండి.

గని పనిచేసిన ఆ పెద్దాయనే ఒక మాట అన్నాడు: "గనిల దిగే ముందు టోపీ లైటు వెలుగుతుందా లేదా అని రోజూ సూసుకున్నం. నోట్ల ఏసుకునేదాన్ని మాత్రం ఎన్నడు సూసుకోలే." మేము ఎన్ని పాఠాలు చెప్పినా ఇంత బాగుగా చెప్పలేకపోయేవారము.

ఆ పెద్దమ్మ ఇప్పుడు కోలుకొని మొదటి వరుసలో కూర్చుంటున్నది. క్రిందటి నెలలో దవఖానలో ఆమెకు కొత్త రంగు అట్ట ఇచ్చారట. అక్కడే నిలబడి పాత అట్టను ప్రక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం వ్రేలితో కూడబలుక్కొని, "పేరు గదే, నంబరు గదే. అయితే పాతది బంద్ జేసి గిదే ఏసుకోవాల్నా?" అని అడిగి, అవునని చెప్పించుకొని ఇంటికి వచ్చిందట. మాకు చెప్పేటప్పుడు ఆమె కన్నులలో నీళ్లు. మా కన్నులలోను నీళ్లే.

ప్రియులారా, మందు వేసుకొనే ముందు ప్రార్థన చేసికొనే కుటుంబాలు మనవి. అది మంచి అలవాటు. దానికి చదవడాన్ని కూడ జతచేద్దాము. ఈ సాయంకాలమే మీ ఇంటి మందుల డబ్బాను ముందు పెట్టుకొని, బడికిపోయే పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని, పేరు, సంఖ్య, గడువు చూడండి. గడువు తీరినవి వేరుగా తీయండి. ఒకే పేరుతో రెండు అట్టలు కనబడితే మీ అంతట మీరు మానవద్దు, రెండూ మింగవద్దు. రెండింటినీ పట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మీలో చదువు వచ్చినవారికి ఒక మనవి. ఎవరైనా అట్ట తెచ్చి అడిగితే మేము చేసినట్లు తొందరపడి చెప్పవద్దు. తెలియకపోతే తెలియదని చెప్పండి. తెలిస్తే, చదివి చెప్పడంతో ఆపక, వారి వ్రేలు పట్టుకొని చదివించండి.