ఎరుపు వెలిసిందని ఏడ్చేవాళ్లకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల గురించి హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్ల దగ్గర ఒక వాక్యం ఎప్పుడూ రెడీగా ఉంటుంది: ఒకప్పుడు ఎర్ర గడ్డ, ఇప్పుడు నోటుకి అమ్ముడుపోయిన గడ్డ. ఆ వాక్యం నేనూ రాశాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

2024 మే 13న పార్లమెంటు ఓటు వేయడానికి సూర్యాపేట వెళ్లాను. ఖమ్మం రోడ్డు వైపు మా కాలనీ. ఇరవయ్యేళ్ల కింద పత్తి చేను. ఇప్పుడు రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు. బూత్‌కి పోయే దారిలో నాకు లెక్కలు చెప్పిన సారు కనబడ్డారు. ఒకప్పుడు ఎర్రజెండా పట్టుకుని తిరిగినాయనే. "ఓటెవరికి సార్?" అంటే "మనోళ్లకే" అన్నారు. మనోళ్లంటే ఏ పార్టీ అని అడిగా. సారు నవ్వారు. "ముగ్గురూ మనోళ్లే గదరా!"

నిజమే. నల్లగొండ లోక్‌సభకి కాంగ్రెస్ నుంచి కుందూరు రఘువీర్ రెడ్డి, బీజేపీ నుంచి శానంపూడి సైదిరెడ్డి, బీఆర్ఎస్ నుంచి కంచర్ల కృష్ణారెడ్డి. నా పేరు చివర కూడా ఆ రెండక్షరాలు ఉండేవి. కాలేజీలో తీసేశాను. కాలనీ తీసేయలేదు.

అంతా డబ్బే అనేవాళ్లు కోదాడ లెక్క చూడండి. 2018లో అక్కడ బీసీ అభ్యర్థి బొల్లం మల్లయ్య యాదవ్ 756 ఓట్లతో గెలిచారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరి మధ్యే పోటీ. ఈసారి పద్మావతి రెడ్డి మెజారిటీ 58 వేల పైన. పైసలు పంచడం అన్ని పార్టీలకీ వచ్చిన విద్యే అయినప్పుడు ఇంత తేడా పైసలతోనే వచ్చిందంటే ఎట్లా నమ్మాలి? జనానికి కోపమొస్తది, గాలి మారుతది, సర్కారు మారుతది. టికెట్లు ఎవరికిస్తారన్నది మాత్రం పెద్దగా మారదు.

సూర్యాపేటనే తీసుకోండి. 2008 పునర్విభజన దాకా ఎస్సీ రిజర్వుడు సీటు. జనరల్ అయ్యాక 2009లో రాంరెడ్డి దామోదర్ రెడ్డి, ఆ తర్వాత మూడుసార్లూ జగదీశ్ రెడ్డి. పక్కన తుంగతుర్తి రిజర్వు అయింది కదా అంటారు. నేననేదీ అదే, రిజర్వు చేస్తే తప్ప ఇవ్వరు.

ఇక మనం తలుచుకుని మురిసిపోయే ఎర్ర కాలం. 1952లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో రావి నారాయణరెడ్డి గెలిచారని అందరికీ కంఠతా వచ్చు. అది ద్విసభ్య నియోజకవర్గం. అదే నల్లగొండ నుంచి, అదే పీడీఎఫ్ తరఫున, సుంకం అచ్చాలు అనే దళితుడు కూడా ఎంపీ అయ్యారు. ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు? భీమిరెడ్డి నర్సింహారెడ్డిని మిర్యాలగూడ 1971, 1984, 1991ల్లో లోక్‌సభకి పంపింది. దొరల మీద తుపాకీ పట్టినవాళ్లని తక్కువ చేసేంత ధైర్యం నాకు లేదు. కానీ చనిపోయినవాళ్లలో అన్ని కులాలూ ఉన్నాయి, గెలిచినవాళ్లలో ఎక్కువగా ఒకటే ఉంది. మిర్యాలగూడలో మూడుసార్లు గెలిచిన జూలకంటి రంగారెడ్డికి 2023లో డిపాజిట్ రాకపోతే ఎరుపు వెలిసిందని ఏడ్చాం. ఆ ఎన్నికలో గెలిచింది బత్తుల లక్ష్మారెడ్డి.

2018 సెప్టెంబర్ 14న అదే మిర్యాలగూడలో, కులాంతర పెళ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ని ఆస్పత్రి బయట నరికించారు. "ఆ పిల్ల తండ్రి బాధ కూడా చూడాలి గదా" అంది మా కాలనీ. ఆ మాట అనడంలో కాంగ్రెస్, గులాబీ, పాత ఎరుపు తేడా ఏం లేదు.

పోలింగ్ నాటి సాయంత్రం మా ఇంట్లో పనిచేసే అక్కని అడిగాను, పైసలు తీసుకుని ఓటేయడం తప్పు కదా అని. అంట్లు తోముతూనే అంది: "మీకు ముగ్గురు మనోళ్లున్నరు సారూ. మాకు ఒక్కడు లేడు. పైసలన్న తీసుకోవద్దా?"

ఎర్ర గడ్డ గురించి ఇంకో వ్యాసం రాయబోయేవాళ్లు ముందు ఆమెకి జవాబు చెప్పండి.