మౌసు అందరి చేతికీ రావాలి

కంప్యూటరంటే టైపు కొట్టడమే అనుకునేవాడిని. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో పిల్లి బొమ్మతో ఆడాక ఆ అభిప్రాయం మారింది. 'దాచు' బటన్ నొక్కాను, పిల్లి మాయమైంది. మళ్ళీ రమ్మని అది ఉన్నచోటే ఎన్నిసార్లు నొక్కినా రాలేదు. దాగిన బొమ్మపై క్లిక్ పనిచేయదు. కానీ సందేశం పంపితే అందుకుంటుంది. అందుకే 'చూపించు' అనే ఇంకో బటన్ చేసి, దానితో సందేశం పంపించాను. పిల్లి వచ్చేసింది! నా చేత్తో తప్పు చేస్తేనే ఇది తెలిసింది.

మన ల్యాబులో ఒకరు మౌసు పడితే నలుగురు వెనక నిలబడి చూస్తాం. వెనకున్నవారికీ తెలివి ఉంది, కనిపించే అవకాశమే లేదు. స్క్రాచ్ ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. కాబట్టి పది నిమిషాలకొకసారి మౌసు చేతులు మారాలని నా మనవి.